కెమెరా జేబులో పెట్టి సోయ్ నాలుగులోకి రండి

బ్యాంకాక్ వీడియోలు తీసే తెలుగు ట్రావెల్ వ్లాగర్లకు బహిరంగ లేఖ

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ,

మీ వీడియోలు మా ఇంట్లో రోజూ నడుస్తాయి. మా అమ్మ కాశీ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు గుమ్మం దాటడమే కష్టం. అయినా వియత్నాం పడవల బజారు చూసింది, జార్జియా మంచు కొండలు చూసింది, అంతా మీ పుణ్యమే. "ఈ అబ్బాయి సరిగ్గా తింటున్నాడో లేదో, చిక్కిపోయాడు" అని మీ గురించి ఇంట్లో మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడుతుంది. కాబట్టి ఈ ఉత్తరం మీమీద కోపం తీర్చుకోవడానికి రాస్తున్నది కాదు. ఒక్కటి అడగడానికి రాస్తున్నాను. అడిగేముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి.

2024 కార్తీక పౌర్ణమి నాడు నేను బ్యాంకాక్‌లో ఉన్నాను. ఆ పున్నమి వాళ్లకూ పండగే, లోయ్ క్రతోంగ్ అంటారు. మనం అరటి దొప్పలో దీపం వెలిగించి కాలవలో వదులుతాం కదా, వాళ్లు అరటి బోదెను బిళ్లలుగా కోసి, చుట్టూ ఆకు మడతలు గుచ్చి, పూలు, అగరొత్తులు, కొవ్వొత్తి పెట్టి వదులుతారు. చావో ఫ్రాయా ఒడ్డున నేనూ ఒకటి కొని వదిలాను. సఫాన్ తాక్సిన్‌లో రైలెక్కి, నాలుగో స్టేషన్ సాలా డేంగ్‌లో దిగి, సీలోమ్ రోడ్డు మీద సోయ్ నాలుగుకి నడిచాను. సోయ్ అంటే సందు. రోడ్డుకి ఒక పక్క సరి సంఖ్యల సందులు, రెండో పక్క బేసి సంఖ్యల సందులు.

ఈ సందు మీలో చాలామందికి తెలుసు. చిన్నది. రెండు వైపులా బార్లు, వాటి ముందు బల్లలు, కుర్చీలన్నీ సందు వైపే తిప్పి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఆ రెండు వరసల చూపుల మధ్య నుంచి నడిచి రావాలి. మొదటిసారి కాళ్లు తడబడతాయి. రెండోసారికి అవి తీర్పు చెప్పే చూపులు కావని అర్థమవుతుంది.

నా పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లున్నారు. ఒకతను థాయ్. రెండో అతను మనవాడేనని అతని ఫోన్ మోగాక తెలిసింది. యాస వినగానే జిల్లా కూడా తెలిసిపోయింది, అది మాత్రం రాయను. "ఆఁ, తిన్నానమ్మా. పడుకుంటన్నాను" అని చెప్పి ఫోన్ బోర్లా పెట్టి, పక్కవాడి భుజం మీద తల ఆనించాడు. అంతే. అంతకంటే ఏమీ చేయలేదు. కాస్త సేపు కళ్లు మూసుకున్నాడు, దూర ప్రయాణం చేసొచ్చినవాడు అరుగు మీద కూలబడినట్టు.

అప్పుడు సందు మొదట్లో తెలుగు వినపడింది. "మామా, ఇదే ఆ సందు. ఇటు చూడండి, వీళ్లంతా తేడాలే." ముగ్గురు కుర్రాళ్లు. కర్ర చివర కెమెరా, దాని నెత్తిన చిన్న లైటు. ఆ లైటు ఒక్కో బల్ల మీదుగా మెల్లగా జరుగుతూ వస్తోంది. థాయ్ కుర్రాడికి భాష తెలియదు, నవ్వుతూ చెయ్యి ఊపాడు. మనవాడు కళ్లు తెరిచి, లైటు చూసి, బల్ల మీదున్న మెనూ కార్డు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ప్లాస్టిక్ పూత వేసిన పెద్ద కార్డు. వెనక వైపు బొమ్మలో నిమ్మకాయ ముక్క గుచ్చిన గ్లాసు. లైటు దాటిపోయింది. కార్డు దిగలేదు. దాని అంచులు పట్టుకున్న వేళ్లు వణకడం నాకు కనిపిస్తూనే ఉంది. ఐదు నిమిషాల తరవాత అతను లేచి, గోడవారగా, తల వంచుకుని వెళ్లిపోయాడు. థాయ్ కుర్రాడు రెండు గ్లాసుల ముందు ఒక్కడే మిగిలాడు. తను ఏం తప్పు చేశాడో తెలియక నా వైపు చూశాడు. నా దగ్గర చెప్పడానికి ఇంగ్లీషు లేక కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

మూడు వారాల తరవాత మా అమ్మ పిలిచింది. "ఇదిగో, నువ్వెళ్లిన బ్యాంకాక్ చూపిస్తున్నారు." ఆ వీడియో ఏదో ఇక్కడ చెప్పను. చెబితే ఇంకో వెయ్యి మంది వెతుకుతారు. పెట్టినవారికి ఎలాగూ తెలుస్తుంది. ఏడో నిమిషంలో నేను కనిపించాను. పక్కన అతను. కార్డు పైకి లేవకముందు రెండు సెకన్లపాటు అతని ముఖం నిండుగా, స్పష్టంగా ఉంది. కింద కామెంట్లలో ఏమున్నాయో మీకు తెలుసు. "పాయింట్ ఫైవ్ బ్యాచ్" దగ్గర మొదలై, అక్కడితో ఆగలేదు.

మా అమ్మకి నా సంగతి తెలుసు. 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలు నేరం కావని సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు చెప్పిన రాత్రి, టీవీలో ఆ వార్త వస్తుండగానే చెప్పాను. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున కాఫీ తెచ్చి పక్కన కూర్చుంది. నా అదృష్టం అది. భుజం మీద తల ఆనించిన ఆ కుర్రాడి తల్లికి తెలుసో లేదో నాకు తెలియదు. "పడుకుంటన్నాను" అన్న మాటను బట్టి తెలియదనే అనుకుంటున్నాను.

"ఇప్పుడు నేరం కాదు కదన్నా, ఎవరికైనా తెలిస్తే ఏమవుతుంది?" అని మీరు అడగొచ్చు. చెబుతాను. చట్టం సుప్రీంకోర్టులో మారింది, వంటింట్లో మారలేదు. తెలిసిన వారంలోపు పెళ్లిచూపులు పెట్టేస్తారు. ఫోన్ లాక్కుంటారు. ఆస్తిలో వాటా వద్దని రాసిచ్చి పొమ్మంటారు. "నయం చేస్తాం" అనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. అలా "నయం చేయడం" వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. అయినా అలాంటి డాక్టర్ల బోర్డులు దిగలేదు. ఇంకో అమ్మాయి మెడలో తాళి కట్టించి రెండు జీవితాలు చెడగొడతారు. ఇవన్నీ నాకు తెలిసిన మనుషులకు జరిగాయి. ఇందులో ఒక్కటీ ఊహించి రాయడం లేదు.

"అది బహిరంగ ప్రదేశమే కదా" అని కూడా అంటారు. మన ఊళ్లో స్నానాల రేవు కూడా బహిరంగ ప్రదేశమే. అక్కడ కెమెరా పెట్టి నిలబడం. పెట్టకూడదని మనకెవరూ చట్టం చదివి చెప్పలేదు, తెలుసంతే.

ఆ సందు మాకు అలాంటి రేవు. నేను మొదటిసారి అక్కడికి వెళ్లింది 2014లో. అంతకు కొద్ది నెలల ముందు, 2013 డిసెంబరు 11న, నేరం కాదని ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన పాత తీర్పును సుప్రీంకోర్టు కొట్టేసి మమ్మల్ని మళ్లీ నేరస్థుల్ని చేసింది. అదే 2013లో హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్ నడక జరిగితే, ముఖానికి మాస్కు కట్టుకుని నడిచినవాళ్లలో నేనూ ఉన్నాను. బ్యాంకాక్‌కి ఆఫీసు జట్టుతో వెళ్లాను. అందరూ పట్‌పాంగ్ వీధిలో షోకి వెళ్తుంటే తలనొప్పి అని చెప్పి వెనక్కి తగ్గాను. సోయ్ నాలుగు అక్కడికి కూతవేటు దూరం. రోడ్డు మీద అటూ ఇటూ మూడుసార్లు తిరిగి, నాలుగోసారి లోపలికి మళ్లాను. నారింజ రసం తెప్పించుకుని గంటన్నర కూర్చున్నాను.

ఆ రాత్రి నేను చూసింది డాన్సులు కాదు. ఎదురు బల్ల దగ్గర అరవై దాటిన ఇద్దరు పెద్దమనుషులు. ఒక పళ్లెంలో ఆవిరి మీద ఉడికించిన చేప. ఒకాయన చెంచాతో ముల్లు తీసి, కండ రెండో ఆయన అన్నం మీద పెడుతున్నాడు. ఆయన తల ఎత్తకుండా, కృతజ్ఞత చెప్పకుండా, అలవాటైన పనిలా తింటున్నాడు. మా నాన్న మా అమ్మకి పులస ముల్లు అలాగే తీసి పెట్టేవాడు. మాలాంటివాళ్లకు ముసలితనం కూడా ఉంటుందని, అందులో చేప ముల్లు తీసి పెట్టే మనిషి ఉండొచ్చని నాకు ముప్పై ఏళ్లొచ్చాక ఆ బల్ల దగ్గర తెలిసింది. హోటల్‌కి వెళ్లి చాలాసేపు ఏడ్చాను. పొద్దున జట్టులో ఒకతను "తలనొప్పి తగ్గిందా" అని అడిగితే తగ్గిందన్నాను. నిజంగానే తగ్గింది.

అందుకే ఆ సందుని మీరు "షాకింగ్" అని ఎర్ర బాణం గుర్తు పెట్టి చూపిస్తుంటే కడుపు రగులుతుంది. అక్కడ చెప్పదగ్గ కథలు ఎన్నున్నాయో మీకు తెలియదనే అనుకుంటాను, తెలిసి వదిలేశారని అనుకోను.

ఆ సందులో టెలిఫోన్ అని ఒక పబ్బుంది. 1987 నుంచీ ఉంది. పేరు ఊరికే పెట్టింది కాదు. అప్పట్లో బల్లకో టెలిఫోన్, బల్లకో నంబరు. నచ్చిన మనిషి కూర్చున్న బల్లకు ఫోన్ చేసేవారు. దగ్గరికి వెళ్లి మాట్లాడే ధైర్యం లేనివాడికి కనీసం ఒక వైరు ఆసరా. చేతిలో ఫోన్ లేని కాలంలో సిగ్గుపడేవాళ్ల కోసం ఎవరో ఎంత ఆలోచించారో చూడండి. దీనిమీద ఒక్క తెలుగు వీడియో నా కంటపడలేదు.

ఇంకొంచెం ముందుకెళ్తే సోయ్ రెండు. సందు మొదట్లోనే సంచులు చూస్తారు, పాస్‌పోర్టు చూస్తారు. అక్కడ 20 ఏళ్లు నిండితేనే మందు. లోపల డీజే స్టేషన్. టికెట్టులోనే డ్రింకు కలిసి ఉంటుంది. రాత్రి పదకొండు దాటాక షో. మగవాళ్లు ఆడవేషం కట్టి, పాటకు పెదవులు కదుపుతూ, కన్నీళ్లూ కొంటెతనమూ పండిస్తుంటే పై అంతస్తుల్లో జనం కటకటాల మీద నుంచి వంగి చూస్తారు. దాన్ని మీరు "అమ్మాయా, అబ్బాయా? కనిపెట్టండి" అని పందెం పెట్టారు. స్థానం నరసింహారావుగారి సత్యభామకు ఈలలు వేసిన జాతి మనది. మగవాడు ఆడవేషం కట్టి రంగస్థలాన్ని ఏలినందుకు ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. వేదాంతం సత్యనారాయణశర్మగారి భామాకలాపం చూడటానికి బళ్లు కట్టుకుని వెళ్లారు మన తాతలు. వాళ్ల సొంత జీవితాలతో దీనికి ముడిపెట్టడం లేదు. వేషం చూసి, అభినయం చూసి, చప్పట్లు కొట్టడం మనకు తాతల నాడే వచ్చని చెబుతున్నాను. జడ వేసుకున్న మగవాడిలో కళను చూడగలిగిన కళ్లు మనవి. కెమెరా చేతికి రాగానే ఆ చూపు ఎందుకు పోవాలి?

అదే సీలోమ్ రోడ్డు మీద ఇంకాస్త దూరం నడవండి. పాన్ రోడ్డు మూల మీద శ్రీ మహా మారియమ్మన్ గుడి. 19వ శతాబ్దంలో తమిళులు కట్టుకున్నది. మీలో చాలామంది ఆ గోపురం ముందు వీడియో తీశారు, "బ్యాంకాక్‌లో మన అమ్మవారు" అని. బావుంది. కానీ ఆ వీడియోకీ సోయ్ నాలుగు వీడియోకీ మధ్య ఉన్న దారి మీకు కనపడలేదు. నవరాత్రుల చివర ఆ అమ్మవారి ఊరేగింపు సీలోమ్ మీదుగా సాగినప్పుడు, రోడ్డు పొడుగునా కొబ్బరికాయలు కొట్టి, బంతిపూల పీఠాలు పెట్టి, పూనకంతో ఊగే భక్తుల్లో థాయ్ గే మనుషులు, కథోయ్‌లు (అక్కడి ట్రాన్స్ మహిళలు) ఎందరో. బోనాల్లో శివసత్తుల మధ్య చీర కట్టి, పసుపు పూసుకుని నడిచే మగవాళ్లను చూసినవాడికి ఇదేమీ కొత్త కాదు. 2022 జూన్ 5న బ్యాంకాక్‌లో ప్రైడ్ ఊరేగింపు మొదలైంది ఆ గుడి దగ్గరే. వానలో గొడుగులు వేసుకుని, ఇంద్రధనుస్సు జెండా పట్టుకుని, సీలోమ్ రోడ్డు మీదుగా సోయ్ రెండు వైపు నడిచారు. ఊరి గవర్నరుగా కొత్తగా ఎన్నికైన చాడ్‌చాట్ సిట్టిపన్ కూడా వచ్చారు. అమ్మవారి గుడి నుంచి మా సందుకి. ఇంతకంటే మంచి వీడియో ఏముంటుంది చెప్పండి?

ఆ గుడిని థాయ్‌వాళ్లు వాట్ ఖేక్ అంటారు. ఖేక్ అంటే అతిథి. మన దేశాల నుంచి వెళ్లినవాళ్లను వాళ్లు పిలిచే పేరూ అదే. అనే మనిషిని బట్టి ఆ మాటలో చిన్నచూపు కూడా ఉంటుందని విన్నాను. అసలు అర్థం మాత్రం అతిథే. 2014లో నేను సోయ్ నాలుగులో కూర్చున్నప్పుడు నా ముందు నారింజ రసం పెట్టిన పనివాడు ఊరికే నవ్వాడు. 2024లో ఇంకో కుర్రాడు, మర్యాదగా రెండు చేతులూ జోడించి, "ఇండియా? నో వీడియో, ఓకే?" అన్నాడు. ఆ పదేళ్లలో మనం ఏం చేసి వచ్చామో ఆ రెండు ముక్కల్లో ఉంది. తల దించుకుని ఓకే అన్నాను.

అక్కడంతా స్వర్గమని నేను చెప్పను, మీరూ చెప్పకండి. కథోయ్‌గా బతికే మనిషి ఈనాటికీ గుర్తింపు కార్డులో తన లింగం మార్చుకోవడానికి థాయ్‌లాండ్‌లో చట్టం లేదు. సైన్యంలోకి ఎవరు వెళ్లాలో చీటీలు తీసే రోజున గౌనులో వచ్చినా మగవాళ్ల వరసలో నిలబడాల్సిందే. అలా వచ్చినవాళ్ల కాగితాల మీద "మానసిక రోగం" అని రాసే పద్ధతిని 2011లో కోర్టు తప్పుపట్టాకే మార్చారు. రాత్రి మీరు చూసే తళుకుల వెనక పొద్దున అద్దె కట్టే చింత ఉంటుంది. పెళ్లి హక్కు కోసం కూడా ఏళ్లపాటు కొట్లాడారు. 2024 జూన్ 18న సెనేట్ ఒప్పుకుంది, 2025 జనవరి 23న మొదటి జంటలు సంతకాలు పెట్టాయి. ఆగ్నేయాసియాలో అలా చేసిన మొదటి దేశం అదే. 2014లో నేను చూసిన ఆ చేప పళ్లెం పెద్దమనుషులు బతికే ఉంటే, ఆ జంటల వరసలో నిలబడి ఉంటారా అని ఆ రోజు చాలాసార్లు అనుకున్నాను.

మన దగ్గర ఆ వరస లేదు. పెళ్లి హక్కు అడిగినవాళ్లలో మన హైదరాబాద్ జంటే ముందుంది. సుప్రియో, అభయ్ వేసిన కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు, పెళ్లి హక్కు ఇవ్వడం మా పని కాదు, పార్లమెంటు పని అని చెప్పింది. కాబట్టి మన కుర్రాళ్లు ఇంకా కొన్నేళ్లు విమానం ఎక్కుతూనే ఉంటారు. మూడు రాత్రుల కోసం ఆరు నెలలు డబ్బు దాచుకుంటారు. ఇంట్లో ఆఫీసు ట్రిప్ అని చెబుతారు. వాళ్లు అక్కడికి వెళ్లేది మీరనుకునేదాని కోసమే కాదు. ఒక భుజం మీద, నలుగురి మధ్య, భయం లేకుండా కాసేపు తల ఆనించడానికి. అది వాళ్లకు వాళ్ల ఊళ్లో ఏ పార్కులోనూ, ఏ సినిమా హాల్లోనూ దొరకదు.

ఆ సందుకి రావద్దని నేను అనడం లేదు. రండి. మీరు గే కాకపోయినా రండి, ఎవరూ ఏమీ అనుకోరు. సందు మొదట్లో కెమెరా కట్టేసి జేబులో పెట్టండి. కూర్చోండి. ఏదో ఒకటి తెప్పించుకుని తాగండి, పనివాళ్లకు నాలుగు బాత్‌లు ఎక్కువ ఇవ్వండి. షో చూసి చప్పట్లు కొట్టండి. ఆడవేషం వేసినవాళ్లతో ఫోటో కావాలంటే అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. అది వాళ్ల పని, వాళ్ల గర్వం. తరవాత రోడ్డు మీదికొచ్చి, మీ ముఖం మీద కెమెరా పెట్టుకుని, లోపల చూసింది మాటల్లో చెప్పండి. మాటలతో చెప్పడం మీకు బాగా వచ్చు. అందుకే మా అమ్మ మీ వీడియోలు చూస్తుంది.

ఇక నేను అడగదలచిన ఆ ఒక్కటి. ఏడో నిమిషం వీడియో పెట్టిన తమ్ముడూ, ఇది నీకు. యూట్యూబ్ స్టూడియోలో ఎడిటర్ తెరిస్తే ముఖాలు మసక చేసే సదుపాయం ఉంది. వీడియో తీసేయక్కర్లేదు. లింకు మారదు, వ్యూస్ పోవు, కామెంట్లు పోవు. మెనూ కార్డు పైకి లేవకముందు ఉన్న ఆ రెండు సెకన్లు వెతికి, అతని ముఖం చెరిపెయ్యి. పది నిమిషాల పని. ఈ రాత్రే చెయ్యి. ఆ పక్క బల్ల దగ్గర పసుపు చొక్కాలో ఉన్నది నేను. నా ముఖం అలాగే ఉంచు.

ఇట్లు,
మీ వీడియోలు చూసే ఒక అన్నయ్య,
హైదరాబాద్.